టోపీ కింద నెంబరు

ముందు కత్తెర వినిపిస్తుంది. సందు మలుపు తిరగకముందే, ఆమె ఇంకా కంటపడకముందే. గుడ్డను కోసే కత్తెర నిద్రపోయే పిల్ల ఊపిరిలా మెత్తగా నడుస్తుంది. గాలిని కోసే కత్తెర పళ్ళు కొరుకుతుంది. టైలరమ్మకు కోపం వస్తే చేతిలో గుడ్డ ఉన్నా లేకపోయినా కత్తెర ఆడుతూనే ఉంటుంది. ఆ చప్పుడును బట్టే వీధివాళ్ళు లోపలికి వెళ్ళాలో, రేపు రావాలో తేల్చుకుంటారు.

ఈమధ్య అందరూ రేపే వస్తున్నారు.

కొట్టు అంటే ఇంటి ముందుగదే. కిటికీ కింద కుట్టుమిషను, మేకుకు వేలాడే టేపు, మూల బుట్టలో రంగురంగుల పీలికలు. ఎండ పడితే ఆ మూల చిన్న తోటలా ఉంటుంది. అమ్మానాన్నా పోయాక తమ్ముణ్ణి ఆ గదిలోనే పెంచింది. మిషను చప్పుడే వాడికి జోలపాట. వార్డులో దొంగతనాలు ఎక్కువై మున్సిపాలిటీ పోలీసులకు తోడుగా వాలంటీర్లను తీసుకుంటే, వాడు మొదటి రోజే పేరిచ్చాడు. ఆమె పొంగిపోయింది. ఆ వాలంటీర్ల మీద ఓ కన్నేసి ఉంచడానికి వార్డు కమిటీ వేసి, అందులో మామూలు మనుషులు కూడా ఉండాలని మున్సిపాలిటీ అంటే తనూ చేరింది.

వాలంటీరు ఎవరి మీదా చెయ్యి వెయ్యకూడదు, విజిల్ ఊది పోలీసును పిలవాలి. అది కమిటీ మొదటి మాట. వాలంటీర్లకిచ్చే పచ్చకోటు వీపు మీద నెంబరు ఉండాలని కూడా కమిటీయే పట్టుబట్టింది. ఎవడైనా హద్దు దాటితే జనం ఆ నెంబరు చెప్పి ఫిర్యాదు చెయ్యొచ్చని.

వానలు మొదలవగానే తమ్ముడు కోట్లన్నీ మోసుకొచ్చాడు. మెడలోంచి నీళ్ళు కారుతున్నాయక్కా, కోటు మెడకే టోపీలు కుట్టిపెట్టవా అని గారం చేశాడు. పిల్లలు తడుస్తున్నారని ఆమె మెత్తటి అస్తరు వేసి మరీ కుట్టింది.

వానలు వెళ్ళిపోయాయి. టోపీలు మాత్రం వీపుల మీద అలాగే వాలి ఉండిపోయాయి.

ఓ మధ్యాహ్నం కమిటీ ముందుకు గొడుగుల తాత వచ్చాడు. బస్టాండు గోడ పక్కన కూర్చుని గొడుగులు బాగుచేసే ముసలాయన. కుడిచెయ్యి కట్టుతో మెడకు వేలాడుతోంది. అక్కడ కూర్చోవద్దని ఓ వాలంటీరు గదమాయించాడట, ఎందుకని అడిగితే చెయ్యి మెలితిప్పాడట. కమిటీ చైర్మన్ ఆ వాలంటీరు నెంబరు అడిగాడు. ఆయన వార్డు మెంబరు కూడా, వాలంటీర్లంటే సొంత బలగం. ఎదురుగా ఉన్నప్పుడు ముఖం మీదికి లాక్కున్న టోపీయే, దాన్ని వెనక్కి తోసేసుకుని వెళ్ళిపోతుంటే నెంబరు మీదా టోపీయే బాబూ అన్నాడు తాత.

"అయితే టోపీ మీద కేసు పెట్టమంటావా?" అన్నాడు చైర్మన్. గది గొల్లుమని నవ్వింది.

టైలరమ్మ నవ్వలేదు. ఆ టోపీలు ఆమె చేతివే. నెంబరు లేదు గనక ఫిర్యాదూ లేదు, వచ్చే మీటింగులో ఈ సంగతి మూసేద్దామన్నాడు చైర్మన్. తాత ఎడమచేత్తో గుమ్మం పట్టుకుని మెట్లు దిగాడు. ఆ కుడిచెయ్యి మళ్ళీ గొడుగు పుల్ల వంచుతుందో లేదో ఎవరూ అడగలేదు.

ఇంటికొచ్చి తమ్ముడి ముందు కంచం పెట్టి, టోపీలు వానకేనా అని అడిగింది.

"వానక్కూడా," అన్నాడు వాడు, తలెత్తకుండా.

మరి తాత చెయ్యి ఎవరి పని అంది.

"ముసలాడు నోరు జారాడక్కా. నాకు చెయ్యి జారింది."

ఆమె కంచం తీసేసింది.

తర్వాతి మీటింగుకు కత్తెరతో వెళ్ళింది. తాతనూ వెంటపెట్టుకెళ్ళింది. వాలంటీర్లు పచ్చకోట్లతో గోడవారగా నిలబడి ఉన్నారు. తమ్ముడి దగ్గరికెళ్ళి, వెనక్కి తిరగరా అంది. చిన్నప్పటి నుంచి ప్రతి చొక్కాకూ కొలతిస్తూ ఆ మాటకు తిరిగిన వీపది. అలవాటుగానే తిరిగింది. ఆమె చరచరా కోసింది. టోపీ చచ్చిన పక్షిలా నేల మీద పడింది. ఎండ తగలక రంగు పోని నెంబరు కొత్తగా మెరిసింది.

అది మున్సిపాలిటీ సొత్తమ్మా అని చైర్మన్ లేచాడు.

"కోటు మీది. టోపీ నాది. నా దారం, నా అస్తరు," అంది. తమ్ముడి వీపుతోనే అడిగింది, "నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

వాడు గోడకేసి చూస్తూ, తాత చెయ్యి తిప్పింది నేనే అన్నాడు. చైర్మన్ తనకేమీ వినపడలేదన్నాడు.

"నాకు వినపడింది," అన్నాడు తాత.

అందరి ముందూ అన్న మాట మింగడానికి వీల్లేకపోయింది. ఫిర్యాదు తీసుకున్నారు, తమ్ముడి కోటు విప్పించారు. వాడు బట్టలు సర్దుకుని స్నేహితుడి గదికి పోయాడు, వీధిలో ఎదురైతే అటువైపు దాటుతాడు. తాత చెయ్యి ఇంకా పూర్తిగా తిరగడం లేదు. చైర్మన్ కుర్చీ కదల్లేదు. పోయిన వారం వాలంటీర్లకు కొత్త కోట్లొచ్చాయి, టోపీలు ఫ్యాక్టరీలోనే కుట్టేసి పంపించారు.

అందుకే కత్తెర ఆగడం లేదు. తన గురించి పేపర్లో రాయడానికి ఇంటికొచ్చిన మనిషిని గుమ్మం దాకా సాగనంపి, అప్పుడు మాత్రం ఆమె కత్తెర మూసింది.

"వాడి పేరొద్దులెండి, ఇంకా పెళ్ళి కావాల్సినవాడు. నెంబరు మాత్రం రాయండి. పదిహేడు. వీపంతా పట్టేలా పెద్దగా రాయండి."