మామ దాచిన లాంతరు తాబేలు

మా మేనమామ పోయాడని గురువారం పొద్దున అత్తమ్మ ఫోన్ చేసి చెప్పింది. స్కూలుకు బయలుదేరుతూ స్కూటీ తాళం వెతుక్కుంటున్నాను. "పేపర్ సదువుతనే ఉన్నడు బిడ్డా. టీ పెట్టి పిలిస్తే పలకలే," అంది. గొంతులో ఏడుపు లేదు. ఆ తర్వాత, "నిన్న గుహకు గూడ పోయొచ్చిండు," అంది. ఆ మాటతో తాళం వెతకడం మానేసి గడపలో కూర్చున్నాను.

గుహ అంటే ఏమిటో చెప్పకపోతే మా మామ గురించి ఎంత చెప్పినా సగమే చెప్పినట్టు. అది ఒక పాత ఆన్‌లైన్ ఆటలోని డంజన్. మొదట్లో పది మంది జట్టుగా వెళ్తే గానీ అందులో ఉన్న రాక్షసుణ్ణి పడగొట్టడం అయ్యేది కాదు. ఆట పాతబడింది, ఆడేవాళ్ల బొమ్మలు బాగా బలపడ్డాయి, ఇప్పుడు ఒక్కరే వెళ్లి రావచ్చు. ఆ పాడుబడ్డ గుహలో ఇంకా ఏం పని అంటారా? పెంపుడు జీవుల కోసం. రాక్షసుడు పడిపోయినప్పుడు ఎప్పుడో, మన అదృష్టం బాగుంటే, ఒక చిన్న జీవి దొరుకుతుంది. అది పోట్లాడదు, బరువు మోయదు, ఏ పనికీ రాదు. మన బొమ్మ వెనకాలే నడుస్తూ వస్తుంది, అంతే. వారానికి ఒక్కసారే లోపలికి రానిస్తారు. మా మామ బుధవారం వెళ్లేవాడు.

మామ పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో బాయిలర్ ఆపరేటర్. అది మూతపడేదాకా అక్కడే చేశాడు. బాయిలర్ పక్కన బతికిన మనిషి కాబట్టి మామూలు మాట కూడా వీధికి వినపడేలా మాట్లాడేవాడు. అతను గుసగుసగా చెప్పిన రహస్యాలు వాళ్లుండే కిష్టారెడ్డిపేటలో సగం మందికి తెలుసు. నేను డిగ్రీ చదివిన రోజుల్లో వాళ్లింట్లోనే ఉన్నాను. ఆ ఆట నాకు నేర్పింది కూడా అతనే. అత్తమ్మ మాత్రం కీబోర్డు ముట్టుకునేది కాదు గానీ, వెంట ఏ జీవిని తీసుకెళ్లాలో చెప్పేది ఆమే. మామ దగ్గర గాజు కప్ప ఉంది, కిరీటం పెట్టుకున్న పందిపిల్ల ఉంది, నడిచే పుట్టగొడుగు ఉంది. ఎవరి దగ్గరా లేనివన్నీ ఉన్నాయి. అత్తమ్మ వంటింట్లోంచే కేకేసేది. "ఇయ్యాల మూడు కాళ్ల కోడిని తీస్కపో. పాపం, అది ఎప్పుడు సూడు ఇంట్లనే ఉంటది." మామ మారు మాట్లాడకుండా కోడిని తీసేవాడు. ఒక్కదాన్ని మాత్రం ఆమె ఎన్నడూ అడగలేదు. వీపు మీద లాంతరు పెట్టుకున్న చిన్న తాబేలు. అది మామ దగ్గర ఉందని ఆటలో అతని జీవుల జాబితా చూసి నేనే ఒకసారి అడిగాను. అత్తమ్మ నా చెయ్యి గిల్లి, "గా తాబేలు ముచ్చట తియ్యకు," అంది.

ఆ ముచ్చట తర్వాత మామే చెప్పాడు.

పటాన్‌చెరు బస్టాండు దగ్గర ఒక నెట్ సెంటర్ ఉండేదట. షిఫ్టు దిగిన వాళ్లు పది మంది అక్కడ కలిసేవాళ్లు. ఎవరినీ పేరుతో పిలిచేవాళ్లు కాదు, ఊరితో పిలిచేవాళ్లు. భానూర్ నుంచి వచ్చే దోస్తును అందరూ భానూర్ అనేవాళ్లు. నాకు అతను భానూర్ మామ. గుహ వాకిట్లో అందరూ కూడేదాకా ఆగాలి. ఒకడు జనరల్ షిఫ్టు, ఒకడు సెకండ్ షిఫ్టు, బస్సు దొరకనివాడు ఇంకొకడు. ఊరికే ఆగితే ఆ ఆట ఊరుకోదు. కాసేపు ఏ మీటా నొక్కకపోతే మన బొమ్మ చతికిలపడుతుంది, ఇంకాసేపటికి ఆట మనల్ని బయటికి పంపేస్తుంది. అందుకని మామ కీబోర్డు మీద పొడుగు మీటను అప్పుడప్పుడు నొక్కేవాడు. నొక్కినప్పుడల్లా ఆటలో అతని గడ్డమున్న బొమ్మ ఒకసారి ఎగిరి దిగేది.

దొరికినదాన్ని పంచుకోవడానికి డైస్ కొట్టేవాళ్లు. ఒక మీట నొక్కితే అంకె పడుతుంది, ఎవరి అంకె పెద్దదైతే వస్తువు వాళ్లది. ఇందులో ఈ షిఫ్టు వాళ్లు సొంతంగా పెట్టుకున్న కట్టుబాటు ఒకటుంది. జట్టులో మనిషి డ్యూటీలో ఇరుక్కుపోయి రాలేకపోతే, అతని పేరు మీద కూడా డైస్ కొట్టాలి. క్యాంటీన్‌లో డ్యూటీ దిగని వాడికి టిఫిన్ పక్కన పెట్టినట్టే.

ఒక రోజు మామకు డ్యూటీ పడింది. ఆ రోజు గుహకు పోవాలని అతని ప్రాణం కొట్టుకుంటోంది. భానూర్ మామ, "నువ్వు పో, నీ డ్యూటీ నేను జేస్త," అన్నాడట. మామ వెళ్లాడు. ఆ రోజే లాంతరు తాబేలు దొరికింది. ఆ జట్టులో ఎవరూ అంతకుముందు దాన్ని చూడలేదు. విని మాత్రమే ఉన్న ఆ తాబేలు మీద భానూర్ మామకు ఎంత మనసో అందరికీ తెలుసు. డైస్ కొట్టారు. మామకు పెద్ద అంకె పడింది. అరుపులు, కేకలు, ఆ సంబరంలో మామ దాన్ని అక్కడికక్కడే తెరిచేశాడు. జీవి పెట్టెలో దొరుకుతుంది; తెరవకముందైతే ఎవరికైనా పంపించుకోవచ్చు. ఒకసారి తెరిస్తే అది మనతోనే ఉండిపోతుంది, ఇంకొకరికి ఇవ్వడం కుదరదు. తెరిచాక గుర్తొచ్చింది, భానూర్ పేరు మీద ఎవ్వరూ డైస్ కొట్టలేదని. వేరెవరి డ్యూటీలోనో కాదు, సరిగ్గా మామ డ్యూటీలోనే నిలబడి ఉన్నాడతను.

"వాడు ఒక్క మాట అనలే బిడ్డా," అన్నాడు మామ నాతో. "మంచిగైందిరా అన్నడు. గట్ల అన్నందుకే నాకు తిన్నది వంటవట్టలే."

ఆ తాబేలును మామ మళ్లీ బయటికి తీయలేదు. రెండోది సంపాదించి దోస్తుకు పంపేదాకా తీయనని అనుకున్నాడు. ఫ్యాక్టరీ మూతపడింది. నెట్ సెంటర్ ఉన్నచోట మొబైల్ షాపు వచ్చింది. పది మందీ తలో దిక్కూ వెళ్లిపోయారు. భానూర్ మామ జహీరాబాద్ వైపు అత్తగారి ఊళ్లో వ్యవసాయం పెట్టుకున్నాడు. మామ ఇంట్లో కంప్యూటర్ కొని, ప్రతి బుధవారం ఒక్కడే ఆ గుహకు పోతూనే ఉన్నాడు. మొదలుపెట్టేముందు భుజం మీది తువ్వాలతో మానిటర్ తుడిచేవాడు. ఒక్కడే అయినా వాకిట్లో కాసేపు ఆగి, రెండుమూడు సార్లు ఎగిరి దిగి, అప్పుడు లోపలికి పోయేవాడు. నేను తొందరపెడితే, "ఆగమాగం గాకు. రాక్షసుడు యాడికి పోతడు," అనేవాడు.

లోపల ఏది దొరికినా డైస్ రెండుసార్లు కొట్టేవాడు. ఒకటి తనకు, ఒకటి భానూర్‌కు. నేను పడీపడీ నవ్వేదాన్ని.

"మామా, గుహల ఉన్నది నువ్వొక్కనివే. ఎవనితోని పోటీ?"

"వాడు లేడని వాని వంతు పోతదా?"

దోస్తు అంకె పెద్దదైతే, అది ఎలుక తోలైనా, చిల్లుపడ్డ డాలైనా, ఆటలోనే అతనికి పోస్టు చేసేవాడు. భానూర్ మామనే జట్టుగా పిలవొచ్చు కదా అంటే మాత్రం బెదిరిపోయేవాడు. "అమ్మో. వాడొస్తే మళ్ల డైస్ కొట్టాలె. మళ్ల నాకే పడితే ఏ మొకం పెట్టుకొని బతకాలె?"

గుహ నుంచి బయటికి రాగానే స్పీకర్ పెట్టి ఫోన్ చేసేవాడు. ఆ మాటలు నాకు కంఠతా వచ్చు.

"అరేయ్, పోయొచ్చిన. ఇంకా రాలే."

"రాకపోతే రాకపాయె. తిన్నవా?"

"తిన్న. మీ దిక్కు వాన వడ్డదా?"

అక్కడి నుంచి అల్లం ధర, మోకాళ్ల నొప్పి, ఎవరి బిడ్డకు ఏ సంబంధం కుదిరింది, అన్నీ వచ్చేవి. తాబేలు సంగతి ఒక్క వాక్యం, మిగతాదంతా సంసారం. నేను డిగ్రీలో లెక్కల పేపరు తప్పి తలుపేసుకుని కూర్చున్న రోజు కూడా బుధవారమే. మామ తలుపు కొట్టి, నన్ను తీసుకొచ్చి తన పక్కన కుర్చీలో కూర్చోబెట్టాడు. గుహంతా తిరిగాడు. ఏమీ దొరకలేదు. "సూసినవా? నేను ఎన్నడన్న రాదు అన్ననా? ఇంకా రాలే అంట. నీ లెక్కలు గూడ ఇంకా రాలే. గంతే," అన్నాడు. ఇప్పుడు నేను పిల్లలకు లెక్కలే చెబుతున్నాను. పేపరు తప్పి వచ్చిన పిల్లకు ఇదే మాట చెబుతాను, మామ పేరు చెప్పకుండా.

పదకొండో రోజు భోజనాలయ్యాయి. చుట్టాలు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. పొద్దున్నే జహీరాబాద్ నుంచి బస్సులో వచ్చిన భానూర్ మామ మాత్రం కంప్యూటర్ ఉన్న గదిలో కూర్చుండిపోయాడు. తల పూర్తిగా నెరిసిపోయింది. నన్ను పిలిచాడు.

"బిడ్డా, నీ ల్యాప్‌టాప్‌ల ఆ ఆట ఉన్నదా?"

"ఉన్నది మామా."

"జెర ఇయ్యి. మీ మామ కంప్యూటర్ గూడ పెట్టు."

అత్తమ్మ మామ తువ్వాల తెచ్చి మానిటర్ తుడిచింది. తెరిస్తే గుహ వాకిట్లో, చివరి బుధవారం ఆగిన చోటే, గడ్డం బొమ్మ నిలబడి ఉంది. వెనకాల మూడు కాళ్ల కోడి. "నేనే తీస్కపొమ్మన్న," అంది అత్తమ్మ.

భానూర్ మామ ల్యాప్‌టాప్‌లో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తన పాస్‌వర్డు కొట్టాడు. అతని బొమ్మ వచ్చి మామ బొమ్మ పక్కన నిలబడింది. ఇంకో మీట నొక్కాడు. అతని బొమ్మ వెనక నుంచి ఒక చిన్న తాబేలు, వీపు మీద లాంతరుతో, మెల్లగా ఇవతలికి వచ్చింది.

నేను తెరకు దగ్గరగా వంగి చూశాను. అత్తమ్మే అడిగింది.

"అన్నా, గిది ఎప్పుడు దొరికింది నీకు?"

"శాన ఏండ్లయ్యింది చెల్లె."

"మరి ఆయనకు చెప్పలేదేంది? గా తాబేలు కోసమే గదా ఆయన వారం వారం పోయింది!"

అతను తెర వైపే చూస్తూ చెప్పాడు. "ఫ్యాక్టరీ బందైనంక నేను గూడ ఒక్కన్నే పోతుంటి. ఒకనాడు దొరికింది. వానికి చెప్దామని ఫోన్ చేతుల పట్టుకున్న. చెప్తే ఏమైతది? సంబురపడతడు. ఇగ గుహకు పోవుడు బంద్ చేస్తడు. నాకు ఫోన్ చేసుడు గూడ బంద్ అయితది. మేం ఇద్దరం కలిసి చేసే పని పోయినోళ్లం. ఏం ముచ్చట పెట్టుకోవాలె ఇగ? గా ఒక్క మాట ఉండె మాకు. ఇంకా రాలే అని వాడు చెప్తే, రాకపాయె అని నేనంటుంటి. గట్ల దాన్ని సంచిలనే పెట్టిన."

ఇద్దరూ ఒకే పని చేశారు. ఒకడు సిగ్గుతో దాచాడు, ఒకడు ఫోన్ ఆగిపోతుందనే భయంతో దాచాడు. అన్నేళ్లూ రెండు తాబేళ్లు రెండు సంచుల్లో ఉండిపోయాయి. వాళ్ల మీద నాకు కోపం కూడా వచ్చింది. అత్తమ్మకైతే నాకంటే ఎక్కువే వచ్చినట్టుంది. "ఇద్దరు పిచ్చోళ్లే," అని ముక్కు చీదుకుని, నా భుజం తట్టింది. "కోడిని లోపల పెట్టు బిడ్డా. మనది గూడ తియ్యి."

తీశాను. మామ తాబేలు ఇన్నేళ్లకు బయటికి వచ్చింది.

రెండు బొమ్మలూ గుహలోకి వెళ్లాయి. మామ బొమ్మ చేతిలోని గొడ్డలిని నేను తిప్పాను. ఆ చీకటి సొరంగాల్లో లాంతర్లు రెండూ వెనకాలే వచ్చాయి. రాక్షసుడు పడిపోయాడు. దొరికింది చిల్లుపడ్డ డాలు ఒక్కటే. నేను బయటికి నడవబోతే భానూర్ మామ ఆపాడు.

"డైస్ కొట్టకుంట యాడికి? ఇయ్యాల మీ మామ రాలేడు. ఆయన పేరు మీద కొట్టాలె. చెల్లె, నువ్వు కొట్టు."

అన్నేళ్లలో కీబోర్డు ముట్టని అత్తమ్మ, నేను చూపించిన మీటను ఒక్క వేలితో నొక్కింది. తర్వాత అతను తనది కొట్టాడు. మామ అంకే పెద్దది. "మళ్ల వాడే గెలిచిండు, సూడు," అని భానూర్ మామ గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. మేమిద్దరం అతన్ని ఓదార్చలేదు, మమ్మల్ని ఓదార్చేవాళ్లూ లేరు.

బయటికి వచ్చి గుహ వాకిట్లో ఆగాం. అత్తమ్మ టీ పెట్టడానికి వెళ్లింది. "మామా, బస్సుకు టైమైతుంది," అన్నాను. "పోత బిడ్డా," అన్నాడు గానీ కుర్చీలోంచి లేవలేదు. కాసేపటికి మామ బొమ్మ చతికిలపడింది. ఇంకాసేపు అలాగే వదిలేస్తే ఆట దాన్ని బయటికి పంపేస్తుంది. నేను కంప్యూటర్ ఆపుదామని చెయ్యి చాపాను.

భానూర్ మామ నా చెయ్యి పక్కకు జరిపి, మామ కీబోర్డు మీదికి వంగి పొడుగు మీట నొక్కాడు. గడ్డం బొమ్మ లేచి ఒకసారి ఎగిరి దిగింది. తాబేలు దాని కాళ్ల దగ్గరికి జరిగి, లాంతరు ఊగుతుండగా, తల ఎత్తి చూసింది.