సరోజక్క పేరుతో తెరుచుకున్న కార్డు

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఎవరైనా ఆ మాట ఎత్తితే నవ్వి లేచిపోయేదాన్ని. అందుకే చూసినంత మేరకే చెబుతాను.

ఎనభైల చివర్లో వరంగల్‌లోని ఒక క్షయ దవాఖానలో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరాను. ఏ రోగికి ఎన్ని సూదులు పడ్డాయో, ఎన్ని మిగిలాయో అంతా ఒక్కో రోగికి ఒక్కో కార్డుగా కంప్యూటర్‌లోకి ఎక్కించింది నా సీనియర్ సరోజక్క. రెండేళ్ల పని. పాత రిజిస్టర్లు వానకు తడిసి పాడైపోయాయి.

మెదడువాపుతో ఆమె కింది వార్డులో స్పృహ లేకుండా ఉన్న వారంలోనే కొత్త ప్రోగ్రాం వేశారు. ఆ తర్వాత ఎవరి పాస్‌వర్డూ చెల్లలేదు.

హైదరాబాదు నుంచి వచ్చిన ఇంజనీరు రెండు రోజులు తంటాలు పడ్డాడు. "ఇది పాస్‌వర్డును ఉన్నదున్నట్టు దాచదు మేడం. గజిబిజి చేసి దాస్తది. కొత్త ప్రోగ్రాం గజిబిజి చేసే తీరు వేరు. మీరు సరిగ్గ కొట్టినా పాతదానితోని కలవదు."

"ఆ గజిబిజి విప్పి వెనక్కి తియ్యరాదా?"

"రాదు. అది అట్లనే చేసిన్రు."

టేపు మీద దాచిన పాత ప్రోగ్రాం, కార్డుల కాపీ కూడా పాడైపోయింది. అతను వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున పదకొండింటికి వర్ధన్నపేట రైతు కొమురయ్య వచ్చాడు. "నా సూదులు ఇంకెన్నున్నయ్ బిడ్డా? నడుమల ఆపితె మల్ల మొదటికే అస్తదట గదా."

నా పాస్‌వర్డు మళ్లీ కొట్టాను. తప్పన్నది. చేతులు ఒళ్లో పెట్టుకున్నాను.

తెర మీద సరోజక్క పేరు పడింది. ఒక్కో అక్షరం, ఆమె కొట్టినట్టే మెల్లగా. దవాఖాన మొత్తానికి ఉన్నది ఆ ఒక్క యంత్రమే. కొమురయ్య కార్డు తెరుచుకుంది. నలభై రెండు పడ్డాయి, పద్దెనిమిది మిగిలాయి. అరచేతిలో రాసుకున్నాను. తర్వాతి కార్డు కోసం మీట నొక్కగానే అంతా మూసుకుపోయింది. సరోజక్క పాస్‌వర్డు నాకు తెలుసు. నాలుగుసార్లు కొట్టాను. చెల్లలేదు.

కిందికి పరుగెత్తాను. వార్డులో ఆమె తల్లి మంచం పట్టె పట్టుకుని కూర్చుంది. "ఇప్పుడే పోయింది బిడ్డా. నాలుగొద్దుల సంది కదలలే. పోయే ముంగట చేతి ఏళ్లు జర ఆడిచ్చింది, గంతే."

మిగతా కార్డులు మళ్లీ ఎన్నడూ తెరుచుకోలేదు. కొమురయ్య తప్ప అందరినీ మొదటి నుంచి సూదులు వేయించుకోమన్నారు. చాలామంది ఆ మాట విని ఇంటిముఖం పట్టారు, తిరిగి రాలేదు. కొందరి చావుకబురు వాళ్ల ఊరివాళ్లే తెచ్చారు.

ఇంజనీరుకు ఉత్తరం రాస్తే, అలా జరగడానికి వీల్లేదని జవాబిచ్చాడు. నిజమే, వీల్లేదు. అయినా జరిగింది. ఎలా జరిగిందో, ఆ ఒక్కడి వరకే ఎందుకు జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు.