పసరు తాత మార్చిన పథ్యం

నా చిన్నప్పుడు మా ఇంట్లో క్యాన్సర్ అనే మాట ఎవరూ పైకి అనేవారు కాదు. గడ్డ అనేవారు, అదీ గొంతు తగ్గించి. మా నానమ్మకు గర్భసంచి దగ్గర గడ్డ ఉందని హైదరాబాదు దవాఖానలో తేలిన రోజు, మా నాన్న ఇంటికొచ్చి కాళ్లయినా కడుక్కోకుండా అరుగు మీద కూలబడిపోయాడు. నాకప్పుడు పదేళ్లు. గడ్డకు కరెంటు, అంటే రేడియేషన్, పెడతారని, ఐదు వారాలు వరుసగా పెడితే బతికే ఆశ బాగా ఉందని, మధ్యలో ఆపితే మాత్రం చేసిందంతా వృథా అని డాక్టరమ్మ చెప్పిందట. ఆ మాట మా ఇంట్లో చిన్నాపెద్దా అందరికీ కంఠతా వచ్చేసింది.

సోమవారం నుంచి శుక్రవారం దాకా నానమ్మ, నాన్న హైదరాబాదులో చుట్టాలింట్లో ఉండి, శనివారం బస్సులో మా ఊరు జహీరాబాదు వచ్చేవారు. రెండు వారాలకే నానమ్మ సగమైంది. తిన్నది కడుపులో నిలిచేది కాదు. మా నానమ్మ సామాన్యురాలేం కాదు, అల్లం చేలో పదిమంది కూలీలను ఒంటిచేత్తో నడిపించిన మనిషి. అలాంటిది కరెంటు గది పేరెత్తితే వణికేది. తనను ఒక్కదాన్నే లోపల పడుకోబెట్టి తలుపు వేసేస్తున్నారని నా దగ్గర మాత్రం చెప్పుకుని ఏడ్చింది. పెద్దవాళ్లు కూడా భయపడతారని నాకు ఆ రోజే తెలిసింది.

ఆ ఆదివారం గుడికని ఇంట్లో చెప్పి, నన్ను వెంటబెట్టుకుని మొగుడంపల్లి వైపు ఒక ఊళ్లో ఉండే పసరు తాత దగ్గరికి పోయింది. కామెర్లొచ్చినా, చెయ్యి విరిగినా ఆ చుట్టుపక్కల వాళ్లందరికీ ఆయనే దిక్కు. నానమ్మ ఆయనకు కడుపునొప్పి అని మాత్రమే చెప్పింది, దవాఖాన ఊసెత్తలేదు. ఆయన నాడి చూసి, ఆకుపసరు ముంతలో పోసిచ్చి, పథ్యం చెప్పాడు. ఇరవై ఒక్క రోజులు ఉప్పు, పులుపు తినకూడదు, వేరే మందు ముట్టకూడదు, ఊరి పొలిమేర దాటకూడదు. మావైపు జనానికి పసరు కంటే పథ్యమంటేనే ఎక్కువ భయం. తప్పితే మందు వికటిస్తుందని గట్టి నమ్మకం. తిరుగుదారిలో, ఇంట్లో ఎవరికీ చెప్పనని నానమ్మ తన తలమీద నా చేత ఒట్టు వేయించుకుంది.

సోమవారం నానమ్మ బస్సెక్కలేదు. జర బలమొచ్చినంక పోతనంది. నాన్న బతిమాలాడు, కోప్పడ్డాడు, చివరికి ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు. ఆమె కదల్లేదు. తల్లి మొండికేసిందనుకున్నాడు పాపం. ఆమె దవాఖానకు పసరు సంగతి చెప్పలేదు, పసరు తాతకు దవాఖాన సంగతి చెప్పలేదు. రెండూ తెలిసినదాన్ని ఇంటిల్లిపాదిలో నేనొక్కదాన్నే, నాకేమో ఒట్టు అడ్డం.

గురువారం పెరట్లో నానమ్మ ఎవరూ చూడకుండా ఉతుకుతున్న బట్టల మీద రక్తం చూశాను. కరెంటుతో తగ్గుముఖం పట్టిందని నాన్న సంతోషపడిన రక్తమే అది. చెబితే ఒట్టు నానమ్మను తింటుంది, చెప్పకపోతే గడ్డ తింటుంది. పొద్దంతా ఆలోచించి ఒక దారి పట్టుకున్నాను. ఒట్టు వేసింది ఇంట్లోవాళ్లకు చెప్పనని. పసరు తాత ఇంటివాడు కాదు. ఆ రోజు మా ఊళ్లో వారం వారం జరిగే అంగడి, ఆయన ప్రతి అంగడికీ వచ్చి గోనెసంచి పరిచి వేర్లు, మూలికలు పెట్టుకుని కూర్చునేవాడు. పరుగెత్తుకుంటూ పోయి, గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పేశాను.

ఆయన వెంటనే లేచాడు. సంచి మూటగట్టి భుజాన వేసుకుని, మీ ఇల్లెక్కడ అన్నట్టు చూశాడు. మేం ఇంటికి వచ్చేసరికి నాన్న వాకిట్లోనే ఉన్నాడు. తాత నోట విషయం వినగానే నాన్న ఆయన మీదికి పోయినంత పని చేశాడు. పసరు తాత తల దించుకుని, నాన్నను దాటి, నానమ్మ మంచం పక్కన నేలమీద కూర్చున్నాడు.

“అక్కా, కామెర్లు నాకెర్క. ఇరిగిన బొక్కలు నాకెర్క. గీ గడ్డ సంగతి నాకు తెల్వదు. నాకు పసరు నేర్పిన మా నాయినకు గూడ తెల్వదు.”

“నువ్వే గట్లంటె నేనెట్ల బతుకుత తమ్మీ?” అంది నానమ్మ. అంతవరకు నా ముందు తప్ప ఎవరి ముందూ ఏడవని మనిషి అందరి ముందూ ఏడ్చింది.

“ఫికర్ చెయ్యకు. పథ్యం పెట్టింది నేను, నేనే తీసేస్తున్న. ఉప్పు తిను, పులుపు తిను. ఇగ కొత్త పథ్యం ఇను. కరెంటు ఒక్కరోజు గూడ తప్పొద్దు. గదే నీ పథ్యం.”

ముంతలో మిగిలిన పసరు ఆయనే తీసుకెళ్లి పెరట్లో పారబోశాడు. వాంతులకు అల్లం, ధనియాలు మరగబెట్టిన నీళ్లు చెప్పాడు గానీ, అది కూడా డాక్టరమ్మకు చూపెట్టి, ఆమె సరేనంటేనే తాగాలన్నాడు. నలుగురి ముందు తెలియదని ఒప్పుకున్నందుకు ఆయన చేతి మహిమ పోయిందని అంగడిలో కొందరు చాలాకాలం చెప్పుకున్నారు. ఆయనకు అది తెలుసు, అయినా మా వీధిలోంచి తలెత్తుకునే నడిచేవాడు. తెలియదనడానికి ఎంత గుండె కావాలో నాకు పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు.

మర్నాడే నానమ్మ బస్సెక్కింది. ఆకుపసరు తాగే ముందు ఒక్క మాట ఎందుకు చెప్పలేదని డాక్టరమ్మ అడిగితే, మీరు అడగలేదు కదా అందట మా నానమ్మ, ఏమాత్రం తగ్గకుండా. డాక్టరమ్మకు నవ్వొచ్చిందట. అల్లం నీళ్లు వాసన చూసి, తిన్నాక కొంచెం తాగితే పర్వాలేదంది. తప్పిన రోజులు చివర్లో కలిపారు. ఆ తర్వాత నానమ్మ ఒక్క రోజు తప్పలేదు. కరెంటు గదికి భయపడింది గానీ, పథ్యం తప్పడానికి ఇంకా ఎక్కువ భయపడింది. మరో పన్నెండేళ్లు బతికి, నా పెళ్లిలో వంటవాళ్లందరినీ అదిలించింది. ఆమెను బతికించింది కరెంటే, అందులో నాకు రవ్వంత అనుమానం లేదు. ఆ గది దాకా నడిపించింది మాత్రం పసరు తాత.

నాలుగేళ్ల కిందట నాకూ రొమ్ములో గడ్డ వచ్చింది. పరామర్శకు వచ్చినవాళ్లు ఊరికే రాలేదు. ఒకరు లక్ష్మణఫలం ఆకులు తెచ్చారు, ఒకరు గోధుమగడ్డి రసమన్నారు, ఫోనులో వచ్చిన చిట్కాలకైతే లెక్కే లేదు. ప్రేమతోనే తెచ్చారు, ఎవరినీ కసురుకోలేదు. అన్నీ ఒక సంచిలో వేసుకుపోయి డాక్టరు బల్ల మీద కుమ్మరించాను. ఆయన ఒక్కొక్కటీ చూసి చాలావరకు పక్కన పెట్టించాడు. ఆయన వద్దన్నది నేను ముట్టలేదు, మందు ఒక్క విడత కూడా తప్పలేదు.

అందుకే ఇప్పుడు మా వీధిలో ఎవరికి ఆ జబ్బొచ్చినా నా దగ్గరికి వస్తారు. బతికి బట్టకట్టినదాన్ని కదా, నా మాటే వేదం. పోయిన నెల పక్కింటి అమ్మాయి కొంగు కింద ఎవరో ఇచ్చిన పసరు సీసా దాచుకుని వచ్చింది. ఆ జబ్బుకే దవాఖాన మందు వాడుతూ, ఇంట్లోవాళ్లకు తెలియకుండా అది తాగుతోందట, తాగమంటావా పెద్దమ్మా అంది. తాగమన్నా తాగేది, మానమన్నా మానేది. అంత నమ్మకంగా చూస్తుంటే ఏదో ఒకటి చెప్పేయాలనే అనిపించింది.

“నాకు తెల్వదు బిడ్డా,” అన్నాను. “రేపు డాక్టరుకే చూపెడదాం. నేను గూడ వస్త.”

మర్నాడు పొద్దున్నే ఇద్దరం బస్సెక్కాం. ఆ అమ్మాయి కిటికీ పక్కన కూర్చుంది. సీసా ఒళ్లో, అందరికీ కనిపించేలాగే పెట్టుకుంది.