చిట్టి పేరున మొక్కిన మొక్కు

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాయలేదు. కాలేజీ చివరి పరీక్షల ముందు నేను మా పిల్లి పేరున ఒక మొక్కు మొక్కుకున్నాను. పెరటాసి నెలలో తమిళనాట మా ధర్మపురి ఇళ్లలో పెరుమాళ్ల కోసం మాంసం ముట్టరు. నేను పాసైతే మా చిట్టి ఏడాది పొడుగునా ఆ నియమం పాటిస్తుందని దేవుడికి మాటిచ్చేశాను. ఈ ఉదయం దానికోసం చేపముక్కలు ఉడికిస్తుంటే ఆ ఆవిరి వాసన వంటిల్లంతా కమ్ముకుంది. కమలత్త గుర్తొచ్చింది.

ఆవిడ మాకు చుట్టం కాదు, పక్కింటావిడ. నల్లంపల్లి వైపు పశువుల ఆసుపత్రిలో చాలాకాలం పనిచేసి రిటైరైంది. ఎవరి మేక మేత మానినా ముందు ఆవిడకే కబురు. మనుషుల ముందు గొంతు పెగలని నేను గోడకు ఇవతల పుస్తకం పట్టుకుని ఆవిడ మాటలు వింటూ ఉండేదాన్ని.

నేను పాసయ్యాను. అమ్మ కట్టడం పనికి వెళ్లగానే, చిట్టి ఎలుకనో బల్లినో పట్టకుండా తలుపులు వేసేసేదాన్ని. పెరుగన్నం, పప్పన్నం, అంతే. అది కంచం నాకుతుంటే నాకెంతో గర్వంగా ఉండేది. ఎనిమిదో నెలలో అది పట్టపగలే వెళ్లి రుబ్బురోలుకు కొట్టుకుంది. నాలుగడుగులేస్తే ఆయాసపడుతోంది. ఎత్తుకుని కమలత్త దగ్గరికి పరుగెత్తాను.

అత్త దాన్ని ఎండలోకి తిప్పింది. కంటిపాపలు పెద్దవిగానే ఉండిపోయాయి.

"ఏమి పెడతా ఉండావు పాపా?"

"చేపలు అత్తా."

ఆవిడ చిట్టి నోరు తెరిచి వాసన చూసింది. "ఈ నోట్లో చేప వాసనే లేదే. ఏమే చిట్టీ, నీకు సన్యాసం ఎవరిచ్చినారు?"

నాకు ఏడుపొచ్చింది. "పెరుగన్నమే అత్తా. ఎనిమిది నెలలుగా."

తిట్టలేదు. ఎందుకని కూడా అడగలేదు. చిట్టి ఎడమ ముందుకాలి వెనక, రొమ్ముకు రెండు వేళ్లు ఆనించి కళ్లు మూసుకుంది. "గుండె ఉబ్బినట్టుండాది. లే, డాక్టరు దగ్గరికి పోదాం."

బస్సులో చిట్టి బుట్ట ఒళ్లో పెట్టుకుని నెమ్మదిగా చెప్పింది. "మాంసంలో, చేపలో ఒక సత్తువ ఉండాది. కుక్క దాన్ని ఒంట్లోనే చేసుకుంటాది. పిల్లికి చాలినంత చేసుకునేదానికి చేతకాదు, తినాల్సిందే. లేకుంటే కన్ను పోతాది, గుండె పోతాది."

స్కానింగ్ చేసిన డాక్టరు ఆ సత్తువ పేరు టారిన్ అన్నాడు. తక్కినదంతా అత్త చెప్పిందే. మిషన్ చూపించినదాన్ని ఆ రెండు వేళ్లు ముందే చూశాయి! ఎన్ని పుస్తకాలు చదివినా నాకు అంత ఆశ్చర్యం కలగలేదు.

మందుతో పాటు మొదటిసారి చేప పెట్టబోతే మొక్కు గుర్తొచ్చి నా చెయ్యి ఆగిపోయింది. వాసన గిట్టలేదనుకుంది అత్త. "ఇంతేనా?" అని నవ్వి, నా చేతిని తన చేత్తో పట్టుకుని చిట్టి నోటి దగ్గర పెట్టింది. నా భక్తికి నేను దాని ఒంటిని ఖర్చు పెట్టానని అప్పుడు తెలిసింది. నెలలు గడిచాక గుండె కుదుటపడింది. చూపు మాత్రం తిరిగి రాలేదు.

ఆ తర్వాత అత్త హోసూరులో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. మూడు నెలలకే ఆవిడ పోయిందని కబురొచ్చింది. అత్త హోసూరుకు బయలుదేరిన రోజు మొక్కు సంగతి చెప్పేద్దామని ఆటో దాకా వెళ్లాను. చెప్పకుండానే ఆవిడ సంచి ఆటోలో పెట్టాను. అత్త నావైపు కాదు, గడప దాటి తిన్నగా నడిచొస్తున్న చిట్టివైపు చూస్తోంది.

"ఇంట్లో కుర్చీలు, బిందెలు జరపాకు పాపా. అది అడుగుల లెక్క నేర్చుకొని ఉండాది."