ముందు ఆ తండ్రి సంగతి

మొన్న మంగళవారం ఉదయం ఆఫీసుకు వెళ్లే రైల్లో ఉండగా, నాకు లా చెప్పిన మేడమ్ చెల్లెలి కూతురు ఫోన్ చేసింది. "అక్కా, పెద్దమ్మ పోయింది" అని పెట్టేసింది. ఊపిరితిత్తుల జబ్బుతో ఆవిడ కొన్నాళ్లుగా ఆసుపత్రిలో ఉన్నారు. ఇంటికి వచ్చేస్తారనే అనుకున్నాం. తర్వాతి స్టేషన్‌లో దిగిపోయి, ప్లాట్‌ఫారం మీద బెంచీపై చాలాసేపు కూర్చుండిపోయాను.

నేను సింగపూర్‌కు లా చదవడానికి వచ్చినప్పుడు అమెరికా రాజ్యాంగం చెప్పింది ఆవిడే. గుంటూరు నుంచి ఎప్పుడో వచ్చి, పెళ్లి మాట తలపెట్టకుండా, పాఠం చెప్పడంలోనే జీవితం గడిపారు. రిటైరయ్యాక కూడా అమెరికా సుప్రీంకోర్టు తీర్పుల మీద న్యాయపత్రికలకు వ్యాఖ్యలు రాసేవారు. ఆదివారం ఉదయాల్లో హౌగాంగ్‌లోని తన ఫ్లాట్‌లో మా తెలుగువాళ్లని నలుగురైదుగురిని కూర్చోబెట్టుకుని అవే సంగతులు తెలుగులో చెప్పేవారు. మాలో దాదాపు అందరికీ అమెరికాలో ఎవరో ఒకరు ఉన్నారు. అక్కడి కోర్టు ఏమన్నా మాకు పట్టేది. ఎవరైనా ఆవేశపడితే, "కోపం రానీ అమ్మా, తప్పులేదు. ముందు చదువు, తర్వాత తిట్టు" అనేవారు.

క్లాసు అయ్యాక కింద తిండి అంగళ్లుండే హాకర్ సెంటర్‌కు తీసుకెళ్లేవారు. ఒకసారి ఖాళీ బల్ల మీద టిష్యూ పొట్లం పెట్టి చోప్ చేసి, అంటే ఇక్కడివాళ్ల పద్ధతిలో చోటు ఆపి పెట్టి, కాఫీకి లైన్లో నిలబడి నన్నడిగారు.

"ఆ బల్ల మనదని ఏ చట్టంలో ఉంది?"

"ఎక్కడా లేదు మేడమ్."

"అయినా ఎవరూ కూర్చోరు, చూడు. అమెరికాలోనూ అంతే. రెండుసార్లకు మించి అధ్యక్షుడు కాకూడదని చాలాకాలం ఎక్కడా రాసి లేదు. మొదటాయన మర్యాదగా తప్పుకున్నాడు, తర్వాతివాళ్లు ఆ మర్యాద నిలబెట్టారు. ఒకాయన నిలబెట్టలేదు. అప్పుడు రాజ్యాంగంలోకి ఎక్కించాల్సి వచ్చింది. మర్యాద పోయిన చోటల్లా ఒక చట్టం పుడుతుందమ్మాయ్."

ఇలాంటివి చాలా ఉన్నాయి. కానీ ఆవిడను తలుచుకోగానే నాకు ముందు గుర్తొచ్చేది ఆవిడ తడబడిన ఒక ఆదివారం.

ఆ రోజు ఒక పాత తీర్పు చెబుతున్నారు. యుద్ధంలో చనిపోయిన ఒక సైనికుడి అంత్యక్రియల వేళ, కొందరు ద్వేషపు రాతలున్న అట్టలు పట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డారు. సైనికుడి తండ్రి కోర్టుకెళ్లాడు. సుప్రీంకోర్టులో ఓడిపోయాడు. తొమ్మిదిమంది జడ్జీల్లో ఒక్కరే ఆయన పక్షాన రాశారు.

"ఎనిమిదిమంది చెప్పిందే ఒప్పు" అన్నారు మేడమ్. "మాట నొప్పి కలిగించిందని ఇవాళ ఒకరి నోరు మూయిస్తే, రేపు ఎవరి నోరైనా మూయించొచ్చు."

మా గుంపులో సెంగ్‌కాంగ్ నుంచి వచ్చే అంకుల్ ఒకాయన ఉన్నారు. కరీంనగర్ మనిషి, తువాస్‌లో ఓడల ఇంజనీరు. కొడుకు బైక్ ప్రమాదంలో పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఆయన లేచి నిలబడ్డారు.

"మీకు పిల్లల్లేరు మేడమ్. గందుకే గంత అలుకగ చెప్తున్నరు."

మేడమ్ ముఖం పాలిపోయింది. అంకుల్ చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు. ఆవిడ కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుని, "ఆయన ఎదురుగా ఉన్నారని నాకు తట్టనే లేదు" అన్నారు మెల్లగా. ఆ వేళ క్లాసు అంతటితో ఆగిపోయింది.

రెండు రోజుల తర్వాత నన్ను వెంటబెట్టుకుని సెంగ్‌కాంగ్ వెళ్లారు. అంకుల్ కూతురు తలుపు తీసి, "డాడీ రూమ్‌లో ఉన్నారు. కమిన్ లా, ఆంటీ" అంది సింగపూర్ యాసలో. అంకుల్ వచ్చి కూర్చున్నారు, తల ఎత్తలేదు.

"అన్నయ్యగారూ, తీర్పు మీద నా అభిప్రాయం మారలేదు. అబద్ధం చెప్పి మిమ్మల్ని ఓదార్చలేను" అన్నారు మేడమ్. "కానీ మీ ముందు దాన్ని లెక్కల పాఠంలా చెప్పాను. అది తప్పు."

"నేను గూడ అనరాని మాటన్న మేడమ్."

"అందులో నిజముంది. ఆ బాధ నాకు తెలియదు. అందుకే అడగడానికొచ్చాను. ఆ ఒక్క జడ్జి రాసింది ఈ ఆదివారం మీరు చెప్పండి. నేను చెబితే ఆ తండ్రికి న్యాయం జరగదు."

"ఇంగ్లీషుల ఉన్నది మా కరీంనగర్ తెలుగుల చెప్తె నడుస్తదా?" అన్నారు అంకుల్.

ఆ ఆదివారం ఆయన చెప్పారు. మధ్యలో ఆగి, మంచినీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టారు. "కొడుకును సాగనంపే పూట తండ్రిని నిమ్మలంగ ఏడ్వనియ్యాలె. ఆయిన అడిగింది గంతే" అని ముగించారు. మేడమ్ నేల మీద మా మధ్య కూర్చుని విన్నారు. తర్వాత, "ఇన్నేళ్లూ ఈ కేసు చెప్పినప్పుడల్లా సూత్రంతో మొదలుపెట్టి, తండ్రిని ఆఖరి ఐదు నిమిషాలకు నెట్టాను. ఇక ముందు ఆ తండ్రి సంగతి, తర్వాతే సూత్రం" అన్నారు.

అన్నట్టే చేశారు. అప్పటి నుంచి ఆవిడ రాసిన వ్యాఖ్యలన్నీ మనిషితోనే మొదలయ్యేవి. ఎవరు, ఏ ఊరు, ఏం పోగొట్టుకున్నారు. అలాగని ఎనిమిదిమంది వైపు నుంచి ఆవిడ జరగలేదు, ఒక్కరి వైపు నుంచి అంకుల్ జరగలేదు. వాదించుకుంటూనే ఒకరి ఇంటికి ఒకరు పచ్చళ్లు పంపుకున్నారు. పోయిన నెల ఆసుపత్రిలో కూడా, మాస్కు పక్కకు జరిపి మరీ ఆయనకు జవాబు చెప్పడం నేను చూశాను.

నాకు చట్టం నేర్పినవాళ్లు ఇంకా ఉన్నారు. మాట వెనక్కి తీసుకోకుండా మనిషి దగ్గరికి ఎలా వెళ్లాలో నేర్పింది మాత్రం ఆవిడే.

శుక్రవారం అస్థికలు కలపడానికి చాంగి నుంచి పడవలో వెళ్లాం. మేడమ్ చెల్లెలి కూతురు, అంకుల్, నేను. దూరంగా ఓడలు లంగరేసి నిలబడి ఉన్నాయి. ఆ అమ్మాయి కుండ వంచుతుంటే అంకుల్ కింద నుంచి పట్టుకున్నారు. బూడిద నీళ్ల మీద తెల్లటి చారలా కాసేపు మాతో పాటే వచ్చి, విడిపోయింది. మేమిద్దరం వెనక్కి వచ్చి కూర్చున్నాం. అంకుల్ మాత్రం పడవ అంచు పట్టుకుని అక్కడే వంగి ఉన్నారు. ఆయన పెదవులు కదులుతున్నాయి, ఒక చెయ్యి గాల్లోకి లేచి దిగుతోంది. ఇంజను చప్పుడులో అది మంత్రమో వాదనో నాకు వినబడలేదు.