మక్క పరిగె

ఈరోజు పొద్దున ట్రాక్టర్ నడిపే అతను ఫోన్ చేశాడు. "సారూ, మక్క ఇరుసుడు అయిపాయె గద, పొద్దుమీకి బండి తోల్కరానా?" అని అడిగాడు. మొక్కజొన్న చేను దున్నడానికి ఇప్పుడే బండి వద్దు, నేనే చెబుతానన్నాను. నిజమేనా అని అతను మళ్లీ అడిగాడు. పోయినేడు ఇదే పనికోసం పదేపదే ఫోన్ చేసి అతన్ని కుదురుగా అన్నం కూడా తిననివ్వని మనిషిని నేనే. ఫోన్ పెట్టేశాక చెవులు వేడెక్కాయి. ఈ వయసులోనూ నాకు సిగ్గు ముందు చెవులకే వస్తుంది.

ఈ చెలక భూమి మా బాపు నుంచి వచ్చింది. నేను సిద్దిపేటలో ఆఫీసు కుర్చీలో కూర్చున్నన్నాళ్లూ దాన్ని నడిపింది మా అక్కే. పోయినేడు బోరుకాడ జారిపడి ఆమె తుంటి విరగడంతో, రిటైరై ఖాళీగా ఉన్న నేను వచ్చి పగ్గాలు పట్టాను. వచ్చీ రాగానే పారలకూ కొడవళ్లకూ కొట్టంలో వరుసగా మేకులు కొట్టించి, దేని మేకుకు దాన్నే తగిలించాలన్నాను. మోటరు ఎప్పుడు వేయాలో, ఎప్పుడు ఆపాలో గోడమీద రాసిపెట్టాను. అక్క మంచంలోనుంచే తల తిప్పి చూసి, "పారకు గూడ హాజరు ఏస్తున్నవా తమ్మీ?" అంది. మెచ్చుకుందనే అనుకున్నాను.

మక్క కంకులు ఇరిచిన రోజు మేనకోడలు అక్కను దవాఖానకు తీసుకుపోయింది. ఆఫీసులో ఏనాడూ ఫైలును రేపటికి ఉంచినవాణ్ని కాదు. కంకులు కళ్లానికి చేరగానే రోటావేటర్ పిలిపించి, సొప్పనంతా చీకటిపడేలోపు నేలలో కలిపించేశాను. నలిగిన సొప్ప తియ్యటి వాసన ఇంటిదాకా వచ్చింది. కోసిన రోజే దున్నించానని ఆ రాత్రి డైరీలో రాసి, కింద గీత కూడా గీశాను.

తెల్లారి చేనుకు పోతే గట్టుమీద ఆడవాళ్లు గోనెసంచులతో నిలబడి ఉన్నారు. ముందర అక్క ఈడు ముసలమ్మ ఒకామె. నేను చిరునవ్వుతో, దున్నడం నిన్ననే అయిపోయిందని చెప్పాను. ముసలమ్మ వంగి పిడికెడు మట్టి తీసి ఊదింది. తునకలైన గింజలు అరచేతిలో మిగిలాయి. "మంచిగ జేసిన్రు సారూ. ఇల్లు అలికినట్టే ఉన్నది," అంది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటేనే ఇప్పటికీ తల దించుకోవాలనిపిస్తుంది.

సంగతి అక్క చెబితే తెలిసింది. ఇరిచేటప్పుడు సొప్పకింద పడిపోయిన కంకులు పరిగె. ఏరుకున్నవాళ్లవే అవి. గట్క వండుకోవడానికో కోళ్లకో పనికొస్తాయి. వాళ్లు ఏరుకునేదాకా చేనులో నాగలి పెట్టకపోవడం మా అవ్వనాటి నుంచీ ఉన్న పద్ధతి. ఆ చేనులో పుట్టి పెరిగిన నాకే తెలియలేదు. అక్క ఎక్కువేమీ అనలేదు. కళ్లంలోంచి గంపెడు కంకులు ముసలమ్మకు ఇచ్చిరమ్మంది. ఎత్తుకుపోయాను. ఆమె గడపలోనే నిలబడి గంప వైపు చూడకుండా, "పరిగె మేమే ఏరుకుంటం సారూ. ఇస్తే తీసుకుంటే గది అడుక్కునుడైతది. అక్క కాలు ఎట్లున్నది?" అంది. ఆ గంప నెత్తిన పెట్టుకుని వాడంతా చూస్తుండగా తిరిగి వచ్చాను.

"తీసుకోదని నాకెర్కే," అంది అక్క. "కూలికి పిలిస్తే ఎవలన్న వస్తరు తమ్మీ. పరిగెకు మనోళ్లనుకుంటెనే వస్తరు. మల్ల పంటకు వస్తరో రారో." ఆ మాటే ఏడాదంతా నాతో తిరిగింది.

ఈయేడు మక్క ఇరవడం నిన్న ముగిసింది. ఈరోజు పొద్దున్నుంచీ మోటరు కొట్టం దగ్గర, గట్టు వైపు చూడనట్టు కూర్చున్నాను. ఎవరూ రాలేదు. ఎండ ముదిరింది. ఇంటికి పోదామని లేస్తుంటే ఎండుసొప్ప చిటపటమంది. ముసలమ్మ ఒక్కతే సంచి పట్టుకుని వంగి నడుస్తోంది. నన్ను చూసి, మళ్లీ వంగి సొప్పకింద చెయ్యి పెట్టింది. నేను ఇంటిదారి పట్టాను.

ఇంటికి వస్తే అక్క చేతికర్రతో గడపదాకా వచ్చి నిలబడి ఉంది. వచ్చిందా అని అడిగింది. ఒక్కతే వచ్చిందన్నాను. "ట్రాక్టరాయనకు ఏం చెప్పినవ్?" అంది. ఆగమన్నానన్నాను. తలూపి లోపలికి పోయింది.

కోతకూ దుక్కికీ నడుమ ఉన్న రోజులను నేను ఉత్త ఖాళీ అనుకున్నాను. నాకు ఖాళీగా కనబడిన ఆ కాలంలోనే ఇంకొకరి కోతలు సాగుతూ వచ్చాయి.