నల్లబడని కప్పు

నేను చదివింది మా ఊరి బళ్లో ఐదో తరగతి వరకే. అయితేనేం, ఈ పట్నంలో తెల్లగా కనిపించిన ప్రతి గోడ మీదా నా చెయ్యి పడింది. కోర్టు స్తంభాలు నా పనే. పెద్ద బడి మెట్లు నా పనే. పన్నెండు మంది కూలీలతో రైలు స్టేషన్ మొత్తం నాలుగు రోజుల్లో వెల్ల వేయించిన మేస్త్రీని నేనే.

అన్నిటికీ మించింది ప్రసూతి ఆసుపత్రి కప్పు. సున్నాన్ని నెల రోజులు నానబెట్టి, నూరి, పూత మీద పూత వేసి, నున్నటి రాయితో పదకొండు రోజులు రుద్దాను. దాని మీద చుక్క నీరు నిలిచేది కాదు. వంగి చూస్తే మన మీసం మనకే కనబడేది. గొప్పకి చెప్పడం లేదు. ఇది చెప్పకపోతే తరవాతి సంగతి అర్థం కాదు.

యుద్ధం వచ్చింది. పక్క పట్నం మీద బాంబులు పడ్డ వారానికి అధికారులు చాటింపు వేయించారు. ఆకాశంలోంచి తెల్లగా కనిపించేది ఏదీ ఉండకూడదట. ఇళ్లు, కప్పులు, ప్రహరీలు అన్నీ నల్లబరచాలట. ముప్పై ఏళ్లు తెల్లబరిచినవాణ్ణి నన్నే పిలిచి ఆ పని అప్పగించారు.

మిల్లు గొట్టాల్లోని మసి తెప్పించాను. బంకమట్టి, గంజి కలిపాను. ఇరవై రెండు రోజుల్లో పట్నాన్ని బొగ్గు చేసి పెట్టాను. జనం తెల్ల మేకలక్కూడా మసి పూశారు. బట్టలు బయట ఆరేయడం మానేశారు. మా బామ్మర్ది నా దగ్గరే తాపీ పట్టడం నేర్చినవాడు, వాడి నోరు ఊరుకోదు. అరుగు మీద కూర్చున్న పోస్టుమాస్టరు గారి బట్టతల చూసి, "బావా, ఇక్కడ ఒక చోటు వదిలేశాం" అన్నాడు.

"వెయ్యరా నాయనా, ఇంట్లో నా మొహాన ఎలాగూ రోజూ పూస్తూనే ఉన్నారు" అన్నాడాయన.

చివరికి ఆసుపత్రి కప్పు మిగిలింది. మా ఆవిడ అక్కడే ఆయా. బామ్మర్ది కప్పు మీద గొంతుక్కూర్చుని అరచేత్తో తడిమి చూశాడు.

"బావా, ముందు సుత్తితో గాట్లు పెట్టాలి. ఇంత నున్నగా ఉంటే మసి పట్టదు. వానొస్తే తామరాకు మీద నీళ్లే."

"గాట్లు పెడితే కారుతుందిరా. కింద బాలింతలున్నారు."

"కారితే గిన్నెలు పెట్టుకుంటారు."

"గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించిందట. నాకే పని నేర్పుతున్నావా?"

వాడు మసి బాల్చీ అందుకున్నాడు. నేను చెప్పింది అబద్ధం కాదు, అలాగని అసలు సంగతీ కాదు. ఆ గచ్చు మీద సుత్తి ఎత్తడానికి నాకు చెయ్యి రాలేదు. అంతే. గంజి రెండింతలు పోసి, మసి రెండు పూతలు వేసి కిందికి దిగాను. దిగుతుంటే మా ఆవిడ వరండాలోంచి, "మొత్తానికి మీ అద్దానికి మీరే మసి పూసుకున్నారన్నమాట" అని నవ్వింది.

ఆ కప్పుకి మసి పూసిన పంతొమ్మిదో రోజు మధ్యాహ్నం వాన దంచి కొట్టింది. వెలిశాక వీధిలోకి వచ్చాను. ఇళ్ల గోడలు గరుకువి, మసి నిలిచింది. మిట్ట మీది ఆసుపత్రి వైపు చూశాను. నల్లటి పట్నం నడుమ ఆ కప్పొక్కటే తోమిన పళ్లెంలా మెరుస్తోంది.

బామ్మర్దిని కేకేసి, సుత్తీ మసి బాల్చీ పట్టుకుని పరిగెత్తాను. వాడు నిచ్చెన వేశాడు. కొడితే సుత్తి ఎగిరి పడుతోంది గానీ గచ్చు రాలదు. అంత గట్టిగా చేశాను మరి. చాపంత మేర గరుకు చేసేసరికి పొద్దు వాలిపోతోంది.

మా ఆవిడ వాకిట్లోకి వచ్చింది. "ఏమండీ, ఏమిటా బాదుడు? పసిగుడ్లు ఉలిక్కిపడుతున్నారు."

"దుప్పట్లుంటే విసురు! కప్పు మీద పరచాలి."

ఆవిడ తలెత్తి కప్పు కేసి చూసింది. సంగతి అర్థమైంది. "ఇక్కడ అన్నీ తెల్లవేనండీ" అంది.

అప్పుడే సైరన్ మోగింది. బామ్మర్ది నా నడుం పట్టుకుని నిచ్చెన మీదుగా కిందికి లాగేశాడు. "అక్కా, నువ్వూ రా!" అని అరిచాడు.

"లేవలేనివాళ్లు తొమ్మిదిమంది ఉన్నార్రా. ముందు బావని తీసుకుపో" అంటూ ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

వాడు నన్ను వీధి చివర తవ్విన కందకంలోకి తోసి, పైన పడి అదిమిపట్టాడు.

ఆ సాయంత్రం ఆసుపత్రి మీద తప్ప మరెక్కడా బాంబు పడలేదు. నేను నల్లబరిచిన ఇళ్లలో ఒక్క పెంకు కదల్లేదు. యుద్ధమయ్యాక పట్నాన్ని కాపాడానని అధికారులు నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. నా పేరు తప్పుల్లేకుండా రాశారు. అది పెట్టెలో అడుగున ఉంది.

ఇప్పుడు నేను పని చెయ్యడం లేదు. బామ్మర్ది రోజూ మధ్యాహ్నం క్యారేజీ తెచ్చి, నేను తినేదాకా ఎదురుగా కూర్చుంటాడు. వాడి నోరు ఇప్పుడు ఊరుకునే ఉంటుంది. గాట్ల మాట ఇన్నేళ్లలో ఒక్కసారీ ఎత్తలేదు. మొన్న ఉండబట్టలేక నేనే అన్నాను: "ఒరే, ఆ రోజు నువ్వు చెప్పావురా. నేనే వినలేదు."

వాడు నా కేసి చూడలేదు. గ్లాసులో మంచినీళ్లు పోసి నా దగ్గరికి జరిపాడు.

"అన్నం చల్లారిపోతోంది, తిను బావా" అన్నాడు.

తిన్నాను. రేపూ తెస్తాడు.